చెత్తదిబ్బల నల్లనీటికి చౌకవిఱుగుడు

హైదరాబాదు నగరమునకు ఈశాన్యమున, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, జవహర్‌నగర్ అను ప్రాంతము గలదు. మహానగరములోని యిండ్లును, అంగళ్లును, భోజనశాలలును పాఱవేయు చెత్త అనేక సంవత్సరములుగా అచ్చటికే చేరుచున్నది. అట్లు పేరుకొన్న చెత్త కోటి టన్నులకు మించి, చిన్న కొండయై నిలిచినది. ఆ కొండకు దిగువను మల్కారము చెఱువు గలదు. వానకాలమున కొండపై బడిన నీరు చెత్తలోనికి దిగి, పొరపొరను నానబెట్టి, అడుగున నల్లని కషాయమై యూఱి, పల్లమునకు పాఱి ఆ చెఱువులో గలిసినది. చెఱువు నలుపెక్కినది. చుట్టుప్రక్కల గ్రామముల వారు, కాలనీల వారు తమ బోరుబావుల నీటికి రంగును, వాసనయు వచ్చినవని యేండ్ల తరబడి మొఱపెట్టుకొనిరి.

ఈ కషాయమునకు ఇంగ్లీషున లీచేటు అని పేరు. మన పురపాలక సంఘముల యుద్యోగులును ఆ మాటయే వాడుచున్నారు. నేను మాత్రము దీనిని నల్లనీరనియే పిలిచెదను. ఒక్కసారి చూచినవారికి ఆ పేరునకు వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు.

నల్లనీరు ఎంత యూఱునో తెలిసికొనుటకు చిన్న లెక్క చాలును. హైదరాబాదు ప్రాంతమున సంవత్సరమునకు రమారమి 800 మిల్లీమీటర్ల వాన పడును. ఒక యెకరపు నేలమీద పడు ఆ వాన 32 లక్షల లీటర్లగును. ఇందు కొంత యావిరియగును. కొంత పైపైననే జాఱిపోవును. మిగిలినది చెత్తలోనికి దిగును. దీనికి తోడు మన చెత్తలో సగమునకు దగ్గఱగా కూరగాయల తొక్కలు, ఎంగిలి మెతుకులు మొదలగు తడిపదార్థములే గదా! అవి కుళ్లినపుడు వాటి నీరు వాటినుండియే కాఱును. కావున ఎండకాలమున గూడ దిబ్బ అడుగున ఊట పూర్తిగా నాగదు.

ఈ నీటిలో నేమున్నదని యడుగుదురేమో. ఏమి లేదని యడుగుట సులభము. సేంద్రియ మలినము, అమోనియా, ఉప్పులు, ఇనుము, అప్పుడప్పుడు సీసము, కాడ్మియము వంటి విషలోహములు, ఇవి ముఖ్యమైనవి. మలినమును గొలుచుటకు శాస్త్రజ్ఞులు బి.ఓ.డి. అను కొలతను వాడుదురు. నీటిలోని మలినమును సూక్ష్మజీవులు తినునపుడు ఎంత ఆమ్లజని, అనగా ప్రాణవాయువు, ఖర్చగునో అది చెప్పును. ఇండ్ల మురుగుకాలువలో నిది లీటరునకు 200 మొదలు 300 మిల్లీగ్రాముల వఱకు నుండుట సాధారణము. క్రొత్త చెత్తదిబ్బ నల్లనీటిలోనో, వేలకొలది! అట్టి నీరు చెఱువున బడినచో అందలి ఆమ్లజని యంతయు వ్యయమై చేపలు తేలిపోవుటలో వింత యేమున్నది? 2016వ సంవత్సరపు ఘనవ్యర్థ నిర్వహణ నియమములలో, ఇట్టి నీటిని చెఱువులలోనికి, కాలువలలోనికి విడుచుటకు ముందు బి.ఓ.డి. 30 మిల్లీగ్రాములకును, సి.ఓ.డి. అను మఱియొక కొలత 250కిని, అమోనియా రూపమున నున్న నత్రజని 50కిని మించరాదని కేంద్ర ప్రభుత్వమువారు హద్దులు విధించిరి. ఈ మూడు అంకెలను కొంచెము మనస్సున నుంచుకొనుడు. మనము తరువాత ప్రయోగించు ప్రతి వస్తువును వీటితోడనే తూచి చూడవలసియున్నది.

జవహర్‌నగరములో పాత చెత్తకొండపై మట్టిని, నీరు దిగని పొరలను గప్పిరి. 2023 ఏప్రిల్ నెలలో రమారమి 250 కోట్ల రూపాయల వ్యయముతో, దినమునకు 20 లక్షల లీటర్ల నల్లనీటిని శుభ్రపఱుచు కర్మాగారమును ప్రారంభించిరి. మహానగరమునకు ధనము గలదు, న్యాయస్థానముల యొత్తిడియు గలదు. కాని మన రెండు రాష్ట్రములలో ఊరిబయట చెత్తదిబ్బ లేని చిన్న పట్టణ మేది? ముప్పదివేల జనము గల ఊరి పురపాలక సంఘమువారు కోట్ల రూపాయల యంత్రము నెక్కడ దెత్తురు? తెచ్చినను దానిని నడుపు విద్యుత్తునకు, రసాయనములకు, నిపుణులకు నెలనెల నెవరు చెల్లింతురు? అందుచేతనే, మన చేతికందు చౌకవస్తువులతో ఈ పని యెంతవఱకు సాగునను ప్రశ్న పుట్టినది. దేశదేశముల పరిశోధకులు దీనిపై ఏండ్లుగా శ్రమించుచున్నారు.

వారు ప్రయత్నించిన వాటిలో కొన్ని మన తాతముత్తాతలకు క్రొత్తవి కావు. చిల్లగింజను మీలో కొందఱైన నెఱుగుదురు. సంస్కృతమున దీనికి కతకమని పేరు. సుశ్రుతుని వైద్యగ్రంథమున నీటిని తేర్చు ద్రవ్యములలో నిది చేరియున్నది. మా నాయనమ్మ, వఱదనీరు వచ్చిన దినములలో, కుండ లోపలి గోడకు చిల్లగింజ నొకదానిని నాలుగు సార్లు రుద్ది, తరువాత నీరు పోసి యుంచెడిది. తెల్లవాఱునప్పటికి బురద యడుగునకు దిగి నీరు తేటపడి యుండెడిది. మునగగింజయు నీ జాతిలోనిదే. సూడాను దేశమున స్త్రీలు నైలునది నీటిని మునగగింజల పొడితో తేర్చుచుండుట చూచి, సామియా అల్ అజ్‌హరియా యాన్ అను శాస్త్రజ్ఞురాలు 1970 తరువాతి సంవత్సరములలో దానిని శాస్త్రీయముగా పరీక్షించి లోకమునకు తెలియజేసెను.

ఇందలి మర్మము సులభమైనది. నీటిలో దేలియాడు సూక్ష్మమైన మట్టికణములకు ఋణవిద్యుత్తు గలదు. ఒకే జాతి విద్యుత్తు గల కణములు ఒకదాని నొకటి త్రోసికొనును. కావున నవి కూడి బరువెక్కి క్రిందికి దిగజాలవు. మునగగింజలోని మాంసకృత్తునకు ధనవిద్యుత్తు గలదు. అది నడుమ జేరి ఆ కణములను ముద్దలుగా గట్టును. ముద్ద యడుగంటును. పాత చెత్తదిబ్బలనుండి వచ్చు నల్లనీటిలో రంగును గలిగించు పదార్థములు చాలవఱకు ఇట్టి ఋణవిద్యుత్తు గలవియే కావున, వీటిపై గూడ గింజపొడి కొంత పనిచేయును.

కాని రెండు చిక్కులు గలవు. నది నీటికి చిటికెడు పొడి చాలినచోట నల్లనీటికి దోసెడు కావలసి వచ్చును. అంతకంటె ముఖ్యమైనది: గింజ గూడ సేంద్రియ పదార్థమే. దాని మాంసకృత్తులు, నూనె నీటిలో మిగిలిపోయి, తగ్గింపదలచిన బి.ఓ.డి.నే తిరిగి పెంచును. ఒక మురికిని దీసి మఱియొక మురికిని బెట్టుట యన్నమాట. మునగగింజ బరువులో రమారమి మూడవవంతు నూనెయే యుండును. ముందుగా నూనెను గానుగ నాడించి తీసికొని, మిగిలిన చెక్కను వాడినచో నష్టము కొంత తగ్గును. నూనెకు వెలయు వచ్చును. తేర్చిన పిమ్మట మిగులు మాంసకృత్తును సూక్ష్మజీవులు తినివేయునట్లు తరువాతి మెట్టొకటి తప్పక యుండవలెను.

ఇక బొగ్గు. బొగ్గు రంగును, వాసనను పీల్చుననుట అందఱెఱిగినదే. ఒక వేసవిలో నేను పగిలిన కుండయొకటి దీసికొని, అడుగున రంధ్రము చేసి, గులకరాళ్లు, ఇసుక, దానిపై కొబ్బరిచిప్పల బొగ్గు నలుగగొట్టి పోసి, మా యూరి దిబ్బప్రక్కనుండి తెచ్చిన నీరు పోసితిని. క్రిందికి వచ్చినది మొదటికంటె నల్లగా నున్నది! ఇంటివారు నవ్విరి. బొగ్గును కడుగకుండ పోసిన ఫలమది. దుమ్ము కొట్టుకొని వచ్చినది. కడిగి మరల పోసినపుడు రంగు టీనీళ్లవలె దిగినది. వాసన మాత్రము దాదాపు అట్లే యున్నది. మూడవ దినమునకు రంగును తగ్గుట మానినది. బొగ్గు కడుపు నిండినది.

ఈ కడుపునిండుటయే యసలు సమస్య. ఒక కిలో మంచి బొగ్గు నూఱు గ్రాముల మలినమును పట్టుకొనుననుకొందము. ఒక చిన్నయూరి దిబ్బనుండి దినమునకు పదివేల లీటర్ల నల్లనీరు వచ్చుననియు, దానిలో లీటరునకు అయిదు గ్రాముల మలినము గలదనియు నెంచుదము. దినమునకు 50 కిలోల మలినము. దానికి 500 కిలోల బొగ్గు. నెలకు 15 టన్నులు! ఊరి కొబ్బరిచిప్పలన్నియు చాలవు. కావున పచ్చి నల్లనీటిని తిన్నగా బొగ్గుపై పోయుట అవివేకము. ఇతర సాధనములచే ముప్పాతికవంతు మలినము పోయిన తరువాత, మిగిలిన రంగునకు, విషలోహములకు మాత్రమే బొగ్గు నుంచుకొనవలెను. వరియూక బూడిదయు నిట్టిదే. వడ్లబరువులో అయిదవవంతు ఊక. దానిని కాల్చినచో సిలికా మెండుగా గల బూడిద మిగులును. రైసుమిల్లులవారు దానిని వదల్చుకొనుటకు తొందరపడుచున్నారు గనుక వెల లేనట్లే. కాని అన్ని మిల్లుల బూడిద ఒక్కటి కాదు. ఎట్లు కాల్చిరన్న దానినిబట్టి గుణము మాఱును. ఒక మిల్లునుండి తెచ్చినది పనిచేసెనని రెండవ మిల్లుదానిని నమ్మరాదు.

ఇప్పుడు అమోనియా మాట. నల్లనీటిలో నన్నిటికంటె మొండిది అదియే. దిబ్బ పాతబడినకొలది సేంద్రియ మలినము తగ్గును. అమోనియా మాత్రము దశాబ్దముల తరబడి యుండును. చేపలకది విషము. మలేసియా దేశమున హమీది అబ్దుల్ అజీజ్ మొదలగు పరిశోధకులు 2004లో ఒక మంచి ఫలితమును ప్రకటించిరి. లీటరునకు వేయి మిల్లీగ్రాములకు మించి అమోనియా నత్రజని గల నల్లనీటిని, అయిదుపాళ్లు బొగ్గునకు ముప్పదియైదుపాళ్లు సున్నపురాయి కలిపిన మిశ్రమముతో పరీక్షింపగా, నూటికి నలుబది వంతుల అమోనియా తగ్గినది. ఒట్టి బొగ్గు చేసినదియు రమారమి యంతే. అనగా వెలగల బొగ్గుకు బదులు చాలవఱకు సున్నపురాయిని వాడవచ్చునన్నమాట. తాండూరు, బేతంచర్ల, పలనాడు ప్రాంతములలో నాపరాతి గనులచెంత ముక్కలు, పొడి గుట్టలుగా బడియున్న మనకు ఈ వార్త ఎంత ముచ్చట గొలుపవలెను!

ఐనను, ఇందాక మనస్సున నుంచుకొన్న అంకెను తీయుడు. వేయిలో నలుబదివంతులు పోయినచో ఆఱువందలు మిగిలినది. హద్దు 50. కావున సున్నపురాయి మంచి సహాయకుడే కాని కార్యకర్త కాడు. పత్రికలలో అప్పుడప్పుడు “ఫలానా గింజతో మురుగునీరు మంచినీరు” అని చదివినపుడు, ఎంతనుండి యెంతకు దిగినదని యడిగెడి యలవాటు మనకుండవలెను. నూటికి తొంబదివంతులు పోయినదనుట చెవికింపైనదే. మిగిలిన పదివంతు లెంతయన్నదే చెఱువునకు గావలసిన మాట.

కొందఱు కాల్చిన సున్నమును గలుపుమందురు. నవాసారమును, సున్నమును అరచేత నలిపినచో ముక్కు బద్దలగునట్లు ఘాటు వచ్చుట మన పెద్దల కెఱుకయే. ఇదియు నట్టిదే. క్షారము హెచ్చినపుడు అమోనియా వాయువై లేచిపోవును. నీరు బాగుపడును, ప్రక్కయిండ్లవారి ముక్కులు, కన్నులు చెడును. నీటిలోని పీడను గాలిలోనికి త్రోయుట నాకు సమ్మతము గాదు.

అమోనియాను నిజముగా హరించునవి ప్రాణులే. గాలి తగులు రాళ్లమీద, వేళ్లమీద పెరుగు కొన్ని సూక్ష్మజీవులు అమోనియాను నైట్రేటుగా మార్చును. గాలి లేని బురదలో వేఱొక జాతి సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి, మనము పీల్చు గాలిలోనికే విడుచును. ఈ రెండవ మెట్టును మఱువరాదు. ఏలయన నైట్రేటు మిగిలి బావులలోనికి దిగినచో పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును. త్రాగునీటిలో లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. మొదటి మెట్టునకు ఆమ్లజని విస్తారముగా గావలెను: ఒక గ్రాము అమోనియా నత్రజనికి నాలుగున్నర గ్రాములకు పైగా. ఏడు గ్రాముల సున్నపురాతికి సరియగు క్షారమును గావలెను. నల్లనీటిలో క్షారము కొంత సహజముగనే యుండును; చాలనిచోట మన నాపరాతి ముక్కలు అక్కఱకు వచ్చును. రాయి తాను చేయలేని పనిని, చేయువారికి తిండి పెట్టి చేయించుచున్నది.

ఈ ప్రాణులకు ఇల్లు గట్టుటయే జమ్ముమడి. నీరు దిగకుండ అడుగున బంకమన్ను దట్టించి, రెండడుగుల యెత్తున కంకర పోసి, జమ్మును, రెల్లును నాటి, నీటిని మెల్లగా ఒక కొననుండి రెండవ కొనకు పాఱింతురు. జర్మనీలో కేటె సైడెల్ అను శాస్త్రజ్ఞురాలు 1950 తరువాతి సంవత్సరములలో ఈ పద్ధతికి పునాది వేసెను. ఆస్ట్రేలియాలో నొకచోట చెత్తదిబ్బ నల్లనీటిని వట్టివేరు గడ్డికి బెట్టి తగ్గించుచున్నారు. మనము తడికలకు, సుగంధమునకు వాడు వట్టివేరే యది. దాని వేళ్లు రెండు మూడు మీటర్ల లోతునకు దిగును. ఐనను గడ్డి గూడ ప్రాణియే గదా! పచ్చి నల్లనీటిని ఒక్కసారిగా బెట్టినచో మాడిపోవును. మొదట నీటిని గలిపి పలుచన చేసి, అలవాటు చేయుచు, నెలలమీద బలమును హెచ్చింపవలెను. ఈ యోరిమి లేకపోవుటచేతనే అనేక జమ్ముమళ్లు ప్రారంభోత్సవమైన మఱుసటి వేసవికే యెండిపోవుచున్నవి.

కావున చిన్నయూరికి నేను చెప్పదగిన క్రమ మిది. దిబ్బ దిగువను అడుగు గట్టిచేసిన గుంట. అందు నీరు నిలిచి బరువైనది దిగును. క్రొత్త చెత్తయైనచో తరువాత గాలిలేని తొట్టి. అందు సూక్ష్మజీవులు మలినమును చాలవఱకు తినివేయును. పాత దిబ్బయైనచో వాటికి తినుటకు తగినది మిగిలియుండదు గనుక అచ్చట గింజపొడి తేర్పుడు మేలు. పిమ్మట గాలి యాడు నాపరాతి పడక, దాని తరువాత జమ్ముమడి. కట్టకడపట బొగ్గు. ఒక్క వస్తువును బట్టుకొని అదియే సర్వరోగ నివారిణి యనువారిని నమ్మకుడు.

ఇన్నియు జేసినను పోనిది యొకటి గలదు: ఉప్పు. గింజకు, బొగ్గునకు, జమ్మునకు ఉప్పును దీయు శక్తి లేదు. మహానగరములవారు ఖరీదైన యంత్రములకు పోవుటకు నిదియొక కారణము. అట్లని ఆ యంత్రము ఉప్పును మాయముచేయునని తలపకుడు. ఒకవైపు మంచినీటిని, ఇంకొకవైపు మఱింత చిక్కని నల్లనీటిని ఇచ్చును. ఆ చిక్కనిదాని కేది గతి యని యడుగుట మన హక్కు. మన చౌకపద్ధతిచే బాగుపడిన నీరు చెట్లతోపునకు, దిబ్బపై దుమ్మణచుటకు పనికివచ్చును. త్రాగుటకు గాని, ఆకుకూరలకు గాని ఎన్నటికిని గాదు. కడుపు నిండిన బొగ్గు, బూడిద గూడ నట్టివే. వాటిలో సీసమో, కాడ్మియమో చేరియుండవచ్చును. “ఎరువు, ఊరకనే ఇచ్చెదము” అని రైతుల పొలములకు తోలుట ద్రోహము. నిక్షేపమునకు తగిన చోటు ముందు చూచుకొననిదే బొగ్గుపడకను ప్రారంభింపరాదు.

అన్నిటికంటె చౌకయైన సాధనము గింజయు గాదు, బొగ్గు గాదు, పాఱ. దిబ్బకు ఎగువను నాలుగడుగుల కందకము త్రవ్వి వాననీటిని ప్రక్కకు మళ్లించి, దిబ్బమీద మట్టి గప్పి వాలు దీర్చినచో, ఇందాక లెక్కవేసిన 32 లక్షల లీటర్లలో పెద్దభాగము నల్లబడకయే పోవును. తడిచెత్తను ఇంటివద్దనే వేఱుచేసి ఎరువుగా మార్చినచో మిగిలిన యూటయు సన్నగిల్లును. ఊఱని నల్లనీటిని శుభ్రము చేయు పని లేదు గదా.

ఇప్పటికే దిబ్బచెంత గాపురముండువారికి ఒక్కమాట. దిబ్బకు ఎగువనున్న బావి నీటిని ఒక సీసాలోను, దిగువనున్న బావి నీటిని మఱియొక సీసాలోను పట్టి, రెంటిలో క్లోరైడును, అమోనియాను, నైట్రేటును పరీక్షింపజేయుడు. ఈ పరీక్షలకు ఖర్చు తక్కువ. దిగువబావి అంకెలు ఎగువబావి అంకెలను చాల మించియున్నచో నల్లనీరు బావికి జేరినదని యనుమానింపవలెను. సీసాను ఆ నీటితోడనే రెండుమూడు సార్లు తొలిచి, గాలి మిగులకుండ కంఠమువఱకు నింపి, చల్లగా నుంచి ఆ దినముననే పరీక్షాశాలకు పంపుడు. మఱునాటికి అమోనియా లెక్క మాఱిపోవును.